కోడిగుడ్లూ దువ్వెనలూ

సైకిలు చక్రం గుండ్రంగా ఉండాలన్న విషయంలో ఆ ఇంట్లో ఎవరికీ పేచీ లేదు. మంగళవారం ఉదయం తన క్యాసెట్టు కోసం వచ్చిన నర్సమ్మగారు కౌంటరు మీది తెరలో చూస్తున్న చక్రాలు గుండ్రంగానే ఉన్నాయి కూడాను. కాకపోతే ఒక్కోదానికీ దువ్వెనకున్నట్టు పళ్ళు మొలిచాయి.

"ఇదేమిటమ్మా, కదిలినప్పుడల్లా సైకిలు పళ్ళికిలిస్తోంది?" అంది నర్సమ్మగారు కళ్ళజోడు సర్దుకుని. "నిలబడి చూసే జనం బాగానే ఉన్నారు. పరుగెత్తేవాళ్ళకే వచ్చింది రోగం."

నర్సు ఉద్యోగం మానేసి ఇంతకాలమైనా ఆవిడకి ఏది చూసినా రోగమే కనిపిస్తుంది. ఈసారి మాత్రం ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. లోపల బల్ల దగ్గర కూర్చున్న పెద్దకోడలికి తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే ఆ పళ్ళు పోగొట్టడమే ఆమె పని.

ఆ ఇంటి ముందుగదిలో పాత వీడియో క్యాసెట్లని కంప్యూటర్లోకి ఎక్కించి, ఇప్పటి టీవీల్లో చూసుకునేలా మార్చి ఇస్తారు. కౌంటరు అత్తగారిది. లోపలి పొడుగు బల్ల తోడికోడళ్ళిద్దరిదీ. పాత కెమెరా ఒక్కో బొమ్మనీ రెండు విడతలుగా తీసేది, ముందు బేసి గీతలు, ఆ తర్వాత రెప్పపాటులో సరి గీతలు. ఆ రెప్పపాటులో సైకిలు కాస్త ముందుకు జరిగిపోతుంది కాబట్టి రెండు విడతలూ ఒకదానికొకటి అతకవు, అంచులకి పళ్ళొస్తాయి. ఆ రెండు విడతల్నీ విడదీసి, ఒక్కోదాన్నీ నిండు బొమ్మగా చేసే ఫిల్టరు పెద్దకోడలు నేర్చుకుంది. అలాగే వదిలేస్తే పాత బొమ్మ కొత్త టీవీలో చిన్నదిగా, నిలువుగా సాగినట్టు కనిపిస్తుంది. దాన్ని పెద్దది చేసి, కొలతలు సరిచేసే ఫిల్టరు చిన్నకోడలు నేర్చుకుంది. కంప్యూటరు అమ్మినాయన రాసిచ్చి వెళ్ళిన స్క్రిప్టులో, అంటే ఆజ్ఞల పట్టీలో, ఎవరి వరస వాళ్ళు రాసుకున్నారు. ఒక్క మీట నొక్కితే చాలు, అది తన మానాన తాను పైనుంచి కిందికి చదువుకుని క్యాసెట్టు మార్చేస్తుంది. మార్చాలి మరి.

"ఆదివారం మా ఆస్పత్రి టైపిస్టు వస్తోంది," అంది నర్సమ్మగారు. "పెళ్ళికాక ముందు నుంచీ మాకు స్నేహం. ఈ సైకిలు పందెంలో గెలిచింది నేను. కప్పు మా వంటింట్లో ఉంది, గరిటెలు వేసుకుంటున్నాను. అదేమో తన చక్రమే ముందు గీత దాటిందంటుంది. ఏళ్ళ తరబడి ఇదే పాట! మా ఆయన తీసిన క్యాసెట్టు ఇన్నాళ్ళకి అటక మీద దొరికింది. ఆ చివర్న ఇద్దరం పక్కపక్కనే వస్తాం చూడు, అక్కడ బొమ్మ శుభ్రంగా ఉండాలి. దాని నోరు మూయించాలి."

తెర మీద ఆ చివరి ఘట్టం ఆపి చూశారు. రెండు చక్రాలూ, రెండు దువ్వెనలూ, తెల్లగీత, అన్నీ కలిసి ఒకే చిక్కుముడిలా ఉన్నాయి.

పెద్దకోడలు మంచిదే. ముక్కు మీద కోపం కూడా ఉంది. "నా వరస పని చేసుంటే ఇలా ఉండేది కాదండీ," అంది గట్టిగా, అవతల కూర్చున్నవాళ్ళకి వినపడేలా. "ఒకరు చేసిన పని ఇంకొకరికి కంట్లో నలుసైతే ఇంతే మరి."

చిన్నకోడలు కూనిరాగం ఆపేసింది. "అక్కా, నీ వరస నేను ముట్టుకోలేదు."

"ముట్టుకోకుండానే దానంతటది లేచిపోయిందా?"

"నా పని పోయిన రోజున నేను ఎవరినైనా అడిగానా?"

"ఎదురు మాటలకేం తక్కువ లేదు."

నర్సమ్మగారు అటూ ఇటూ చూసి, తను పెట్టిన మంట కాదులే అనుకుని, మెల్లగా చెప్పులేసుకుంది. అప్పటికి మాటా మాటా పెరిగి, చిన్నకోడలు కళ్ళనీళ్ళతో "నేను వేరే కూర్చుంటాను అత్తయ్యా, నావల్ల కాదు" అనేదాకా వచ్చింది.

అత్తగారికి ఇద్దరు కోడళ్ళని ఒక వంటింట్లో నెగ్గుకొచ్చిన అనుభవం ఉంది. ఆ అనుభవమంతా ఒకే ఒక్క చట్టం. ఒకరు సర్దుకున్న డబ్బా ఇంకొకరు కదపకూడదు. టీపొడి పెద్దకోడలి అరలో, పంచదార చిన్నకోడలి అరలో. ఏ పూట టీ పెట్టినా ఆ మూలకీ ఈ మూలకీ నడవాల్సిందే, కానీ ఆ ఇంట్లో డబ్బాల కోసం ఇంతవరకూ ఒక్క మాట అనుకోలేదు. ఆవిడ అదే మందు ఇక్కడా వేసింది.

"సరే. గది మధ్యలో చెక్క అడ్డం కట్టిస్తాను. ఎవరి వైపు వాళ్ళది, ఎవరి క్యాసెట్లు వాళ్ళవి. మధ్యలో నా ప్రాణం తియ్యకండి."

*

బుధవారం వడ్రంగి వచ్చాడు. టేపు ఒక కొస గోడకి ఆనించి, రెండో కొస పట్టుకోమని పెద్దకోడలికిచ్చాడు. తనని విడదీసే గోడకి తనే కొలత పట్టడం ఆమెకి నచ్చలేదు గానీ, ఇచ్చాక పట్టుకోక తప్పలేదు.

"కిటికీ ఎవరికండీ?" అన్నాడు వడ్రంగి.

తోడికోడళ్ళిద్దరూ చెరో గోడకేసి చూశారు.

"పోనీ ఫ్యానెవరికి? నడిమధ్యన ఉంది. చెక్క సరిగ్గా దాని కిందికే వస్తుంది. అటు సగం గాలి, ఇటు సగం గాలి ఇవ్వమంటే ఫ్యాను వినదు."

అత్తగారు కౌంటరు దగ్గర్నుంచి, "నువ్వు కొలవవయ్యా, పంచడం నేను చూసుకుంటాను," అంది. ఆవిడ గొంతులో మాత్రం ఆ ధీమా లేదు. వడ్రంగి శనివారం చెక్క తెస్తానని, చెవి వెనక పెన్సిలు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ అడ్డం రావడం పెద్దకోడలికి ఇష్టం లేదు. బల్లకి అటు చివర చిన్నకోడలు లేకపోతే ఈ గది గదిలా ఉండదని ఆమెకి తెలుసు. ఆ పిల్ల క్యాసెట్టు చుట్టుకునేంతసేపూ ఏదో ఒకటి పాడుతుంది, శ్రుతి ఉండదు. ఎవరి పెళ్ళి క్యాసెట్లోనైనా భోజనాల దగ్గర ఎవడో రెండోసారి గిన్నె పట్టుకొస్తే, "అక్కా, చూడు చూడు, మళ్ళీ వచ్చాడు" అని భుజం పట్టి లాగుతుంది. రెండు రోజులుగా ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా ఉన్నారు, గదిలో యంత్రాల చప్పుడు తప్ప మరోటి లేదు. అయినా తప్పు ఆ పిల్లదైనప్పుడు తనెందుకు తగ్గాలి? ఇదీ ఆమె బాధ.

చిన్నకోడలు లోపలికి వెళ్ళినప్పుడు పెద్దకోడలు స్క్రిప్టు తెరిచింది. తన వరస ఉన్నచోటనే ఉంది. దాని కింద, అన్నిటికంటే అడుగున, చిన్నకోడలి వరస ఉంది. ఓహో, నాకంటే కింద చేరి నా పని చెడగొడుతోందన్నమాట, అనుకుంది. చిన్నకోడలి వరస ముట్టుకోలేదు, ఇంటి చట్టం ఇంటి చట్టమే. తన వరసని మాత్రం పైనుంచి తీసి, అన్నిటికంటే అడుగున పెట్టుకుంది. ఇలా చెయ్యడం ఆమెకి ఇది మొదటిసారి కాదు. మీట నొక్కి, నర్సమ్మగారి సైకిళ్ళని మళ్ళీ మొదటినుంచి పరుగెత్తించింది.

*

గురువారం నర్సమ్మగారు పగలబడి నవ్వింది.

"మొన్న దువ్వెనలు, ఇవాళ కోడిగుడ్లు! అమ్మాయ్, నేను సైకిలు తొక్కానా, గుడ్ల బండి తోలానా?"

పళ్ళు పోయాయి. ఒక్కటంటే ఒక్కటి లేదు. కానీ బొమ్మంతా మళ్ళీ చిన్నదైపోయి, నిలువుగా సాగి, చక్రాలన్నీ నిలబెట్టిన గుడ్లలా దొర్లుతున్నాయి. చిన్నగా ఉన్న ఆ బొమ్మలో తెల్లగీత ఎక్కడుందో వెతుక్కోవాలి. పెద్దకోడలు గెలిచిన మొహంతో వెనక్కి తిరిగింది, ఇప్పుడేమంటావ్ అన్నట్టు.

చిన్నకోడలు బల్ల దగ్గర్నుంచి లేచింది. తెరవైపు ఒకసారి చూసింది. ఆ చూపు పెద్దకోడలికి బాగా తెలుసు. మొన్న మంగళవారం దువ్వెనలు చూసినప్పుడు తన మొహం ఎలా అయిందో, అచ్చం అలాగే అయింది ఆ పిల్ల మొహం. ఆరేసిన బట్టలు తీయాలని చెప్పి డాబా మీదికి వెళ్ళిపోయింది.

"నా పని పోయిన రోజున నేను ఎవరినైనా అడిగానా?" ఆ మాట ఇప్పుడొచ్చి పెద్దకోడలి చెవిలో పడింది. ఎదురు మాటనుకుంది గానీ, అది సమాధానం.

ఆమె రెండు ఫైళ్ళూ పక్కపక్కన పెట్టి నడిపించింది. అటు గుండ్రటి దువ్వెనలు, ఇటు నున్నటి గుడ్లు. తన పని ఉన్నచోట దానిది లేదు, దాని పని ఉన్నచోట తనది లేదు. తను దాని వరస తీసేసిందా? లేదు. మరి ఆ పిల్ల తనది తీసేసిందని తనెలా అంది?

మళ్ళీ మీట నొక్కింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు బిలబిలమంటూ పైకి పోయాయి. రోజూ పోయేవే. వాటిని చదివే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు, అవి పోతున్నంతసేపూ మంచినీళ్ళు తాగడమో, క్యాసెట్టు తుడవడమో చేసేవాళ్ళు. ఇవాళ పెద్దకోడలు ఆపి, వేలు పెట్టి ఒక్కో వరసా చదువుకుంటూ వెళ్ళింది. ఒకచోట పసుపుపచ్చ రంగులో ఉంది: వీడియో ఫిల్టరు ఒకటికంటే ఎక్కువసార్లు ఇచ్చారు, ఆఖరిదే తీసుకుంటున్నాను.

పసుపు అక్షరాలు కొత్తవి కావు. ఈ ముక్క ఆ యంత్రం రోజూ చెబుతూనే ఉంది, పాపం, వినే నాథుడు లేక. ఎవరి వరస అడుగున ఉంటే వాళ్ళ పనే జరుగుతుంది, పైన ఉన్నది ఉన్నట్టే ఉండి ఉత్తదైపోతుంది. ఒకరి డబ్బా ఒకరు కదపకుండా, ఎవరి వరస వాళ్ళు మర్యాదగా అడుక్కి చేర్చుకుంటూ, తోడికోడళ్ళిద్దరూ ఇన్నాళ్ళుగా ఒకరి పని ఒకరు చెరిపేశారు. తను ఎంత చెరిపిందో ఆ పిల్లా అంతే చెరిపింది. తేడా ఒక్కటే, ఆ పిల్ల నోరెత్తలేదు, తను నలుగురిలో అడిగింది.

నర్సమ్మగారికి ఆదివారం టైపిస్టుని తీసుకుని ఇక్కడికే రమ్మని చెప్పి, పెద్దకోడలు మెట్లెక్కింది.

డాబా మీద గాలికి దుప్పటి ఒకటి చేతికి చిక్కకుండా ఎగురుతోంది. చిన్నకోడలు ఒక కొస పట్టుకుని లాగుతోంది. పెద్దకోడలు వెళ్ళి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి మడత వేశారు. కొసలు కలిసేటప్పుడు దగ్గరికి వచ్చారు గనక మాట్లాడక తప్పలేదు.

"నువ్వు తీసెయ్యలేదు," అంది పెద్దకోడలు.

"అదే కదా చెప్పాను."

"చెప్పావు. నేను వినలేదు. ఆవిడ ముందు అలా అనాల్సింది కాదు, తప్పు నాదే. నాకు సిగ్గుగా ఉంది."

చిన్నకోడలు దుప్పటి గుండెలకి అదుముకుని నిలబడింది. ఆ పిల్లకి కోపం ఎంత ఆలస్యంగా వస్తుందో అంత తొందరగా పోతుంది, అదొక వరం. "నేనూ అనుకున్నానక్కా," అంది చివరికి. "నువ్వే తీసేస్తున్నావని. పైకి అనలేదంతే. మనసులో మాత్రం గట్టిగానే అనుకున్నాను."

పెద్దకోడలికి నవ్వొచ్చింది. నవ్వుతూనే పసుపు అక్షరాల సంగతి చెప్పింది. చిన్నకోడలు మిగిలిన బట్టలు తీగ మీదే వదిలేసి ముందుగా మెట్లు దిగింది.

రెండు వరసలు ఉండకూడదు. ఒకే వరస రాసి, అందులోనే ఒక ఫిల్టరు, కామా, రెండో ఫిల్టరు పెట్టాలి. కామా పెడితే చాలు, మొదటిది తన పని చేసి బొమ్మని రెండోదాని చేతికిస్తుంది. ఇంతవరకూ బాగుంది. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఎవరిది ముందు?

"నీదే ముందు పెడదాం," అంది పెద్దకోడలు. మంచి పని చేస్తున్నానని ఆమెకి ఎంతో తృప్తిగా ఉంది. తప్పు దిద్దుకోవడానికి ఇంతకన్నా మంచి మార్గం ఏముంది?

మీట నొక్కారు. చక్రాలు గుండ్రంగా వచ్చాయి. పళ్ళు మాత్రం పూర్తిగా పోలేదు సరిగదా, అలికినట్టు మసకబారి సైకిళ్ళ చుట్టూ పొగలా అంటుకున్నాయి. తెల్లగీత దగ్గర రెండు చక్రాలూ ఒకే మసకలో కలిసిపోయాయి.

"మర్యాదకి పెట్టావు కదూ?" అంది చిన్నకోడలు ఓరగా చూసి.

"మరి?"

"దానికి మర్యాదలు తెలీవక్కా. బేసి గీతలూ సరి గీతలూ కలిసి ఉండగానే నేను బొమ్మ పెద్దది చేశాననుకో, అన్నీ కలగాపులగం అయిపోతాయి. ఇక నువ్వు విడదీద్దామన్నా ఏ గీత ఎవరిదో తెలీదు. ముందు నువ్వు విడదీస్తేనే నేను సాగదీయగలను." కీబోర్డు ముందుకి లాక్కుంది. అంతలోనే ఆగి, "నీది తీసి ముందు పెడుతున్నాను. కదపొచ్చా?" అంది.

"కదుపు," అంది పెద్దకోడలు.

ఆ ఇంట్లో ఒకరిది ఇంకొకరు కదపడం అదే మొదలు. మీట నొక్కాక ఇద్దరూ ఒకే కుర్చీలో సగం సగం కూర్చుని చూశారు. ముందు ఒక సైకిలొచ్చింది. చక్రం గుండ్రంగా ఉంది. తిరుగుతున్న పుల్లలు ఒక్కోటీ లెక్కపెట్టుకునేలా ఉన్నాయి. ఒక్క పన్ను లేదు. తొక్కుతున్న మనిషి నుదుటి మీద చెమట కూడా కనిపించింది.

"అక్కా, చూడు చూడు!" అని చిన్నకోడలు భుజం పట్టి లాగింది. ఆ లాగుడుకి పెద్దకోడలు కుర్చీలోంచి కింద పడింది. అత్తగారు కౌంటరు వదిలి పరుగెత్తుకొచ్చేసరికి ఇద్దరూ నేల మీద కూర్చుని నవ్వుతున్నారు. కొట్టుకున్నారనుకుని వచ్చిన మనిషి, ఏమనాలో తెలీక, "లేవండి, దుమ్ము," అని వెళ్ళిపోయింది.

ఆ సంబరంలో వాళ్ళు చివరిదాకా చూశారు. తెల్లగీత దగ్గర బొమ్మ ఆపారు. ఒక్కో బొమ్మా ముందుకి జరిపారు. ఇదివరకు చిక్కుముడిగా ఉన్న ఒక్క బొమ్మా ఇప్పుడు రెండు బొమ్మలుగా విడిపోయింది. మొదటి దాంట్లో ఒక చక్రం గీతని తాకింది, రెండో చక్రం ఇంకా తాకలేదు.

తాకింది నర్సమ్మగారి చక్రం కాదు.

ఇద్దరి నవ్వూ ఒక్కసారే ఆగిపోయింది.

"ఇప్పుడెలా అక్కా? దువ్వెనలే నయమేమో."

పెద్దకోడలు ఆపిన బొమ్మని మరోసారి చూసుకుంది. నర్సమ్మగారి మొహం తలుచుకుంటే బాధగానే ఉంది. "ఉన్నది ఉన్నట్టు చూపిద్దాం," అంది. "కనపడనివ్వకుండా చేసి ఒకరి నోరు మూయించడం మన పని కాదు. ఇప్పటికే ఒకసారి చేశాను."

*

శనివారం వడ్రంగి చెక్క తెచ్చాడు. గదికి అడ్డంగా సరిపోయే పెద్ద చెక్క, ఒకవైపు తెల్లరంగు కూడా వేసుకొచ్చాడు. "ఎక్కడ నిలబెట్టమంటారు?" అన్నాడు. అత్తగారు కోడళ్ళ వైపు చూసింది. కోడళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చిన్నకోడలు తెల్లరంగు మీద అరచెయ్యి పెట్టి, "ఎంత నున్నగా ఉందో. రేపు ప్రొజెక్టరుతో సైకిళ్ళు దీని మీద వేద్దామా?" అంది.

"అడ్డానికి కదండీ చేశాను!" అన్నాడు వడ్రంగి.

"వెనక గోడకి ఆనించవయ్యా," అంది అత్తగారు. "అడ్డానికి కొలిచిందే గోడకీ సరిపోతుంది. ఫ్యాను గొడవా తీరింది."

ఆదివారం నర్సమ్మగారు ముందు వరస కుర్చీలో కూర్చుంది. సంచిలో కప్పు కూడా తెచ్చుకుంది, సాక్ష్యానికి. పక్కన టైపిస్టు. సన్నగా, నిటారుగా ఉన్న ఆ మనిషి వేళ్ళు ఊరికే ఉండలేక కుర్చీ చేతి మీద టకటకలాడుతున్నాయి. వడ్రంగి తన చెక్క ఏమవుతుందో చూద్దామని ఉండిపోయాడు. ప్రొజెక్టరు వెలిగింది. తెల్లచెక్క నిండా ఎండకాసిన రోడ్డు, జనం, గుండ్రటి చక్రాలు.

"అరే, నీకు జడ ఎంతుండేదే!" అంది టైపిస్టు.

"మాట్లాడకు, చివరిది చూడు."

చివరిదొచ్చింది. పెద్దకోడలు మీట మీద చెయ్యి పెట్టింది. చిన్నకోడలు ఆ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కలిసి బొమ్మ ఆపారు. తెల్లగీత మీద టైపిస్టు చక్రం. దాని వెనక, బెత్తెడు వెలితిగా, నర్సమ్మగారిది.

టైపిస్టు వేళ్ళు ఆగిపోయాయి. నర్సమ్మగారు లేచి, చెక్క దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ చూసింది. రోగిని చూసినట్టే చూసింది.

"నీదే," అంది. "నీదేనే! నేను ఇన్నేళ్ళూ..." అని ఆగి, ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే సంచిలోంచి కప్పు తీసి టైపిస్టు ఒళ్ళో పెట్టింది. తొందరలో తెచ్చిందేమో, అందులో ఒక గరిటె ఇంకా ఉంది. "తీసుకో. గరిటెతో సహా తీసుకో."

టైపిస్టు కప్పుని రెండు చేతులతో పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత దిగులుగా, "మరి ఇకనుంచి మనం దేనికోసం పోట్లాడుకోవాలే?" అంది.

"మళ్ళీ వెయ్యమ్మా," అంది నర్సమ్మగారు పెద్దకోడలితో. "మొదటి మలుపు దగ్గర నన్ను మోచేత్తో తోసిందేమో చూద్దాం."

మళ్ళీ వేశారు. గది గదంతా కేకలు. వడ్రంగి ఎవరి పక్షమో తేల్చుకోలేక ఇద్దరికీ చప్పట్లు కొట్టాడు. అత్తగారు మాత్రం తెరవైపు చూడలేదు, ఒకే కుర్చీలో సగం సగం సర్దుకుని కూర్చున్న కోడళ్ళనే చూస్తోంది.

*

సోమవారం పొద్దున్నే పెద్దకోడలు టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళి, అలవాటుగా తన అరలోకి చెయ్యి పెట్టింది. చేతికి ఏమీ తగల్లేదు. టీపొడి డబ్బా అక్కడ లేదు.

వెనక్కి తిరిగి చూసింది. పొయ్యి పక్కన గట్టు మీద, టీపొడి డబ్బా, పంచదార డబ్బా ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. చిన్నకోడలు ఇంకా నిద్ర లేవలేదు. ముందుగదిలోంచి అత్తగారి చీపురు చప్పుడు వినిపిస్తోంది, ఆవిడ అవసరం లేకపోయినా గట్టిగా ఊడుస్తోంది.

పెద్దకోడలు పొయ్యి వెలిగించింది. రెండు డబ్బాలూ మూతలు తీసి, నిలబడ్డచోటునుంచి కదలకుండా, అందరికీ టీ పెట్టింది.